రెండు స్లైడ్లూ ఒకేసారి లేచేదాకా
నాన్న వాడిన రెండు సిలిండర్ల బైక్ రాజ్‌దూత్ 350 కాజీపేట బ్రిడ్జి ఎక్కేటప్పుడు వణికేది, హన్మకొండ చౌరస్తాలో ఆగితే ఆఫయ్యేది. ప్లగ్గులు మార్చినా అంతే. స్టార్ట్ చేసిన నిమిషానికి పొగ వచ్చే రెండు పైపుల మీదా నీళ్లు చల్లాను. ఎడమది చుయ్‌మంది, కుడిది ఊరుకుంది. అంటే కుడివైపు సిలిండర్ సరిగా మండట్లేదు.

ఇంజిన్ ఆపి, ఎయిర్ ఫిల్టర్ తీసి, కార్బురేటర్లలో చెరో వేలు పెట్టి, తమ్ముణ్ణి యాక్సిలరేటర్ మెల్లగా తిప్పమన్నాను. కుడి స్లైడ్ (యాక్సిలరేటర్ తిప్పితే లేచి గాలికి దారి ఇచ్చే ముక్క) ఆలస్యంగా లేస్తోంది! కేబుల్ వదులైంది. పైనున్న అడ్జస్టర్‌ను కొద్దికొద్దిగా తిప్పుతూ, రెండూ ఒకే క్షణంలో కదిలేదాకా సరిచేశాను. గంట పట్టింది, ఇక్కడ తొందర పనికిరాదు.

గాలి పాళ్లు సరిచేసే ఎయిర్ స్క్రూలను పూర్తిగా బిగించి ఒకటిన్నర చుట్టు వదిలాను, ఇంజిన్ వేడెక్కాక ఆగినప్పటి వేగం సరిచేసే ఐడిల్ స్క్రూలు తిప్పాను. ఇంజిన్‌లోకి ఆయిల్ పంపే పంప్ కేబుల్ కూడా తప్పక చూడండి, ఆయిల్ తగ్గితే పిస్టన్ పట్టేస్తుంది.

ఇప్పుడు రెండు పైపులూ ఒకే తీరుగా కొడుతున్నాయి.