బండి తాళాలు చేతులు మారే ముందు

నేను మోటారు బీమా క్లెయిముల పని చేస్తాను. ప్రమాదం ఫైలు నా బల్ల మీదికి రాగానే ముందుగా చూసేది నుజ్జయిన బండి ఫొటోలను కాదు, నడిపినవారి లైసెన్సు నకలును. అక్కడ తేడా ఉందంటే మిగతా కాగితాలు ఎంత పక్కాగా ఉన్నా ఆ కుటుంబానికి కష్టకాలం మొదలైనట్టే.

మన దేశంలో బండి కొనడానికి, పేరు మీద రిజిస్టరు చేయించుకోవడానికి డ్రైవింగ్ లైసెన్సు అక్కర్లేదు. నడపడం రాని అమ్మ పేరు మీద కూడా కారు ఉండవచ్చు. కానీ ఆర్‌సీలో (రిజిస్ట్రేషను పత్రంలో) పేరున్నవారి మీద బాధ్యత మాత్రం పూర్తిగా ఉంటుంది. లైసెన్సు లేనివారికి బండి ఇస్తే, నడిపినవారికి 5,000 రూపాయల జరిమానా, ఇచ్చినవారికి విడిగా మరో 5,000.

అందుకే తాళాలు ఇచ్చే ముందు కార్డు అడగండి. తమ్ముడైనా, బావగారైనా మొహమాటపడవద్దు. కార్డులో వాహన తరగతి చూడండి. ఎల్ఎంవీ (తేలికపాటి మోటారు వాహనం) అని మాత్రమే ఉంటే కారు నడపవచ్చు, మోటారు సైకిలు నడపకూడదు. గేర్లు లేని స్కూటరు లైసెన్సుతో గేర్ల బండి ఎక్కకూడదు. చిన్న సరకు వాహనాల విషయంలో ఏళ్ల తరబడి సాగిన వివాదాన్ని 2024 నవంబరులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తేల్చింది: మొత్తం బరువు 7,500 కిలోలకు మించని రవాణా వాహనానికి ఎల్ఎంవీ లైసెన్సు చాలు.

తరువాత గడువు. నన్ను ఎక్కువగా బాధపెట్టేవి ఈ ఫైళ్లే. ఒక ఫైలులో అక్క కారును తమ్ముడు నడిపాడు. పదేళ్లకు పైగా అనుభవం ఉన్నవాడు, తప్పు అవతలి లారీది. అయినా లైసెన్సు గడువు ప్రమాదానికి కొద్ది వారాల ముందే ముగిసింది. కారు మరమ్మతు ఖర్చు ఒక్క రూపాయి రాలేదు. గడువు తీరాక 30 రోజుల వెసులుబాటు పాత చట్టంలో ఉండేది. 2019 సవరణ దాన్ని తీసేసింది. గడువుకు ఏడాది ముందే పునరుద్ధరణకు దరఖాస్తు చేయవచ్చు కాబట్టి ఆగడం దేనికి? ముగిసి ఏడాది దాటితే మళ్లీ పరీక్షకు హాజరు కావలసిందే.

లైసెన్సు లేనివారు ఎదుటివారిని గాయపరిస్తే, న్యాయస్థానాలు సాధారణంగా బాధితులకు ముందు కంపెనీచేతే చెల్లింపజేసి, ఆ సొమ్మును యజమాని నుంచి రాబట్టుకొమ్మంటాయి. ఇల్లు అమ్ముకోవలసినంత మొత్తం కావచ్చది.

యజమాని-డ్రైవరుకు ఉండే 15 లక్షల వ్యక్తిగత ప్రమాద బీమా కూడా, యజమానికి చెల్లుబాటయ్యే లైసెన్సు ఉంటేనే పనిచేస్తుంది. అమ్మకు లైసెన్సు లేకపోతే పాలసీ తీసుకునేటప్పుడే ఆ మాట చెప్పండి, ఆ ప్రీమియం కట్టనక్కర్లేదు. ఆ బండి నడిపే కొడుక్కి ఈ రక్షణ వర్తించదు. అతనికి విడిగా ప్రమాద బీమా తీసుకోండి.

మైనరు పిల్లలకు తాళాలు అందకుండా పెట్టండి. వాళ్లు నడిపి పట్టుబడితే తల్లిదండ్రులకు లేదా యజమానికి 25,000 రూపాయల జరిమానా, మూడేళ్ల వరకు జైలు, ఏడాదిపాటు రిజిస్ట్రేషను రద్దు. ఆ పిల్లవాడికి 25 ఏళ్లు నిండేదాకా లైసెన్సు రాదు.

బండి అమ్మితే పేరు మార్పిడికి వాడే 29, 30 నంబరు ఫారాల మీద సంతకాలు పెట్టి కొన్నవారి చేతికిచ్చి ఊరుకోకండి. అదే రాష్ట్రంలోనైతే 14 రోజుల్లో రవాణా కార్యాలయానికి తెలియజేయాలి. పేరు మారేదాకా చట్టం దృష్టిలో యజమాని మీరే. 2018లో సుప్రీంకోర్టు కూడా ఇదే చెప్పింది. కొన్నవారు పాలసీని కూడా 14 రోజుల్లో తమ పేరుకు మార్పించుకోవాలి. థర్డ్ పార్టీ రక్షణ (ఎదుటివారికి జరిగే నష్టానికి బీమా) బండితోపాటే వస్తుంది గానీ, సొంత బండి నష్టానికి మాత్రం పాలసీలో పేరు మారాలి. నో క్లెయిమ్ బోనసు (క్లెయిము చేయనందుకు ప్రీమియంలో దొరికే తగ్గింపు) అమ్మినవారిదే, కొత్త బండికి వాడుకోవచ్చు.

యజమాని చనిపోతే 30 రోజుల్లో రవాణా కార్యాలయానికి చెప్పి, మూడు నెలల్లోగా 31వ ఫారంతో వారసుల పేరుకు మార్పించుకోవాలి. దుఃఖంలో ఉన్న ఇంటివారికి ఇది గుర్తుండదు. దగ్గరి బంధువులెవరైనా ఈ పని భుజాన వేసుకోండి.