మాగ్నటైట్–బెంటోనైట్ పొడి తయారీ, సీసంతో దాని పరీక్ష

ఇనుము నానోకాంపోజిట్, అంటే అతి సన్నని ఇనుము ఆక్సైడ్ రేణువులు మట్టితో కలిసిన పొడి, తయారు చేయడం పెద్ద కష్టమేమీ కాదు. నీళ్లలో సీసం తగ్గింది సరే, దాన్ని తగ్గించింది మీ పొడేనా అని తేల్చడమే కష్టం. మా ల్యాబ్‌కి ప్రాజెక్టు చేయడానికి వచ్చే పిల్లలు 98 శాతం సీసం పోయిందని గ్రాఫ్ చూపిస్తే, నేను ముందు అడిగేది ‘చివర్లో పీహెచ్ ఎంతుంది?’ అనే. పీహెచ్ పెరిగితే పొడితో పని లేకుండానే సీసం అడుగుకి పడిపోవచ్చు. కింద చెప్పేదంతా ఆ ప్రశ్నను మనసులో పెట్టుకుని చెబుతున్నదే.

మాగ్నటైట్‌ని (అయస్కాంతానికి అంటే ఇనుము ఆక్సైడ్) ఒంటరిగా తయారు చేస్తే రేణువులు ఒకదానికొకటి అతుక్కుని ముద్ద కడతాయి. బెంటోనైట్ మట్టి పొరల మీద పెరిగితే విడివిడిగా నిలుస్తాయి. పైగా ఆ మట్టికి ఉన్న రుణావేశం సీసం అయాన్లను తనంతట తానే లాగుతుంది. మాగ్నటైట్ ఉంటుంది కాబట్టి పని అయ్యాక పొడిని అయస్కాంతంతో బయటికి తీయొచ్చు.

సోడియం బెంటోనైట్ 2.3 గ్రాములు 200 మి.లీ. డిస్టిల్డ్ వాటర్‌లో వేసి రాత్రంతా కలుపుతూ ఉబ్బనివ్వండి. మర్నాడు అందులోకి అరగంట పాటు నైట్రోజన్ పంపండి. ఇనుము లవణాలు కలిపే నీళ్లలోకీ అలాగే పంపాలి. నీళ్లలో ఆక్సిజన్ మిగిలితే ఫెర్రస్ ఇనుము ఫెర్రిక్‌గా మారిపోయి, ఫెర్రిక్, ఫెర్రస్ ఇనుముల మధ్య ఉండాల్సిన 2:1 నిష్పత్తి అక్కడే చెడుతుంది. ఫెర్రిక్ క్లోరైడ్ హెక్సాహైడ్రేట్ 5.41 గ్రాములు, ఫెర్రస్ సల్ఫేట్ హెప్టాహైడ్రేట్ 2.78 గ్రాములు తూచి, రెండు చుక్కల హైడ్రోక్లోరిక్ ఆమ్లం వేసిన 50 మి.లీ. నీళ్లలో కరిగించండి. ఫెర్రస్ సల్ఫేట్ లేత ఆకుపచ్చగా ఉండాలి. స్ఫటికాల మీద పసుపు, గోధుమ రంగు పూత కనిపిస్తే ఆ సీసా పక్కన పెట్టేయండి. లెక్క ప్రకారం దీంతో సుమారు 2.3 గ్రాముల మాగ్నటైట్ వస్తుంది, అంటే మట్టితో సమానంగా.

లవణ ద్రావణాన్ని మట్టిలో పోసి, నైట్రోజన్ ఆపకుండా అరగంట కలిపి, 70 డిగ్రీల సెల్సియస్‌కి వేడి చేయండి. ఇక్కడ మాగ్నెటిక్ స్టిర్రర్ వద్దు. తయారయ్యే పదార్థమంతా వెళ్లి ఆ కడ్డీకే అంటుకుంటుంది. పైనుంచి తిప్పే మోటారు స్టిర్రర్ వాడండి. ఇప్పుడు 2 మోలార్ సోడియం హైడ్రాక్సైడ్‌ని చుక్కచుక్కగా వేయాలి. చర్యకు లెక్క ప్రకారం 40 మి.లీ. చాలు, పీహెచ్ 10–11కి చేరాలంటే ఇంకొంచెం పడుతుంది. చాలామంది అమోనియా వాడతారు. నాకు అది నచ్చదు: ఆ వేడికి ఆవిరైపోతూ పీహెచ్‌ని దించుతుంది, మిగిలిపోయిందంటే రాగి, నికెల్ అయాన్లతో కలిసి తర్వాతి పరీక్షలను పాడు చేస్తుంది. క్షారం పడే కొద్దీ గోధుమ రంగు ముదిరి, ఒక్కసారిగా నల్లబడుతుంది. ఆ నలుపు నిలకడగా ఉండాలి. అంచుల్లో ఎరుపు తేలుతోందంటే ఎక్కడో గాలి దూరుతోందన్నమాట. ఇంకో గంట అదే వేడిలో ఉంచి చల్లార్చండి.

అందరూ తొందరపడేది కడగడంలోనే. బీకరు గోడకి నియోడిమియం అయస్కాంతం ఆనించి, నల్లటి పదార్థం అటు చేరాక పైనీళ్లు వంచేయండి. మొదట్లో ఆ నీళ్లు తేటగా ఉంటాయి. ఉప్పు తగ్గే కొద్దీ మాగ్నటైట్ అంటని మట్టి విడిపోయి నీళ్లు మబ్బుగా వస్తాయి. దాన్ని పోనివ్వండి, అయస్కాంతానికి రాని మట్టి మనకు అక్కర్లేదు. పీహెచ్ 7 దగ్గరికి వచ్చింది కదా అని ఆపొద్దు. కడిగిన నీళ్లు కొంచెం వడపోసి, చుక్క హైడ్రోక్లోరిక్ ఆమ్లం, రెండు చుక్కల బేరియం క్లోరైడ్ వేసి చూడండి. తెల్లగా మసకబారితే సల్ఫేట్ ఇంకా ఉన్నట్టే. అది మిగిలితే సీసం లెడ్ సల్ఫేట్‌గా అడుగుకి చేరిపోతుంది, మనమేమో పొడి గొప్పదనం అనుకుంటాం. తర్వాత 60 డిగ్రీల వాక్యూమ్ ఓవెన్‌లో ఆరబెట్టి, అగేట్ కల్వంలో నూరండి.

ఎక్స్‌రే డిఫ్రాక్షన్‌లో, రాగి కె-ఆల్ఫా కిరణాలతో, 35.5 డిగ్రీల దగ్గర పెద్ద శిఖరం కనిపించాలి. మాగ్‌హెమైట్ అనే ఇంకో ఇనుము ఆక్సైడ్‌కీ దాదాపు అక్కడే వస్తుంది కాబట్టి, దీన్నొక్కదాన్నే చూసి మాగ్నటైట్ అని రాసేయకండి.

ఇక పరీక్ష. లెడ్ నైట్రేట్ 1.6 గ్రాములు లీటరు నీళ్లలో కరిగిస్తే లీటరుకి 1000 మి.గ్రా. సీసం ఉన్న ద్రావణం వస్తుంది. దీన్ని లీటరుకి 50 మి.గ్రా.కి పలచన చేసి, పీహెచ్‌ని పలుచని నైట్రిక్ ఆమ్లంతో 5 దగ్గర పెట్టండి. ఫాస్ఫేట్ బఫర్ వేశారంటే సీసం దాంతోనే అవక్షేపమవుతుంది. 50 మి.లీ. చొప్పున నాలుగు ఫ్లాస్కులు తీసుకోండి: ఒకటి పొడి ఏమీ వేయకుండా, ఒకటి వట్టి మట్టితో, ఒకటి వట్టి మాగ్నటైట్‌తో, ఒకటి మన పొడితో. పొడులు 50 మి.గ్రా. చొప్పున వేయండి. పొడి వేశాక పీహెచ్ పెరుగుతుంది కాబట్టి చివర్లో మళ్లీ కొలవాలి. 6 దాటిందంటే సీసం అవక్షేపంగా పడే అవకాశం ఎక్కువ, ఆ అంకెని నమ్మొద్దు. పొడిని అయస్కాంతంతో తీసి, 0.22 మైక్రాన్ ఫిల్టర్‌తో వడపోసి, మొదటి కొన్ని మి.లీ. పారేసి, మిగతాది లోహం ఎంతుందో కొలిచే అటామిక్ అబ్సార్ప్షన్ పరీక్షకి ఇవ్వండి. అదే నమూనాలో కరిగిన ఇనుమునీ కొలిపించండి.

నీళ్లలో లీటరుకి 2 మి.గ్రా. సీసం మిగిలిందనుకోండి. 96 శాతం పోయింది, గ్రాము పొడికి 48 మి.గ్రా. పట్టింది. దాన్నే సామర్థ్యం అనకూడదు. గ్రాము పొడికి అందుబాటులో ఉన్న సీసమే 50 మి.గ్రా. కాబట్టి అంతకు మించి పట్టే వీలే లేదు. లీటరుకి 10 నుంచి 300 మి.గ్రా. దాకా గాఢతలు మార్చి చూస్తేనే అసలు హద్దు తెలుస్తుంది. సీసానికి బదులు క్రోమియం-6 (క్రోమియం లోహపు విషపు రూపం) అయితే కథ మారుతుంది. అది రుణ అయాన్‌గా ఉంటుంది, మట్టి దాన్ని లాగదు, ఆమ్ల పీహెచ్‌లో ఇనుము ఉపరితలమే పని చేయాలి.

ఫ్యూమ్ హుడ్, గ్లోవ్స్, మాస్క్ లేకుండా ఇందులో ఏదీ మొదలుపెట్టొద్దు. సీసం పట్టిన పొడిని మళ్లీ వాడాలంటే గట్టి ఆమ్లంతో కాకుండా, లోహ అయాన్లను పట్టుకునే పలుచని ఈడీటీఏ ద్రావణంతో కడగండి. ఆమ్లం మాగ్నటైట్‌నే కరిగిస్తుంది. ఆ కడిగిన నీళ్లు, వాడేసిన పొడి, ఫిల్టర్లు అన్నీ పేరు రాసిన డబ్బాలో ప్రమాదకర వ్యర్థాల సేకరణకే వెళ్లాలి, సింకులోకి ఒక్క చుక్క కూడా పోకూడదు.