సైటేషన్ స్టైల్ మరమ్మతు – 3వ పాఠం: తప్పు డేటాలోనా, స్టైల్‌లోనా?

పోయిన పాఠంలో సీఎస్ఎల్ ఫైలు (సైటేషన్ స్టైల్ నియమాలు రాసి ఉండే ఫైలు) లోపల మాక్రోలు (పేరు పెట్టి మళ్లీ మళ్లీ వాడుకునే కోడ్ ముక్కలు), సైటేషన్, బిబ్లియోగ్రఫీ (చివర వచ్చే మూలాల జాబితా) భాగాలు ఎక్కడుంటాయో చూశాం. ఇప్పుడు మూలాల వివరాలు దాచుకునే సాఫ్ట్‌వేర్ జొటెరోలోనే ఉన్న స్టైల్ ఎడిటర్‌తో తప్పు పట్టుకుందాం.

ముందు లైబ్రరీలో ఒక పుస్తకం, ముగ్గురు రచయితలున్న ఒక వ్యాసం, తేదీ లేని ఒక వెబ్ పేజీ సెలెక్ట్ చేయండి. తర్వాత సెట్టింగ్స్‌లో ‘సైట్’ విభాగానికి వెళ్లి స్టైల్ ఎడిటర్ తెరవండి. పైన కోడ్, కింద మీ ఎంట్రీలు ఆ స్టైల్‌లో ఎలా వస్తాయో కనిపిస్తాయి.

కోడ్ జోలికి వెళ్లేముందు ఒక్క ప్రశ్న వేసుకోండి: తప్పు అన్ని ఎంట్రీల్లో వస్తోందా, ఒక్కదానిలోనేనా? ఒక్కదానిలోనే అయితే దాదాపు ఎప్పుడూ డేటాదే తప్పు. మన పేర్లతో ఇది మరీ ఎక్కువ. కె. శ్రీనివాసరావు అనే పేరులో ఇంటిపేరు ‘కె’. ఇంగ్లిష్ డేటాబేస్ నుంచి దించుకున్నప్పుడు ‘రావు’ ఇంటిపేరు గడిలో చేరి, జాబితాలో ‘రావు, కె. ఎస్.’ అని వస్తుంది. పాపం, రచయిత పేరే మారిపోయింది! దీన్ని ఏ స్టైలూ సరిచేయలేదు. ఎంట్రీ తెరిచి గడులు మీరే సరిచేయాలి.

అన్నిట్లోనూ తప్పుంటే అప్పుడు కోడ్ చూడాలి. ఉదాహరణకు, మొదటి రచయితకు ఇంటిపేరు ముందు వచ్చి, రెండో రచయితకు వెనక్కి పోయిందనుకోండి. బిబ్లియోగ్రఫీ భాగం పిలిచే రచయిత మాక్రోలో ‘నేమ్-యాజ్-సార్ట్-ఆర్డర్’ (name-as-sort-order) వెతకండి. దాని విలువ ‘ఫస్ట్’ (first) అని ఉంటుంది. ‘ఆల్’ (all) అని మార్చి కింద చూడండి. ఒకసారికి ఒక్క మార్పే చేయండి. రెండు కలిపి చేస్తే ఏది పనిచేసిందో తెలియదు.

కొన్ని జర్నళ్ల స్టైల్ ఫైల్లో అసలు ఫార్మాటింగ్ కోడే ఉండదు. కంగారు పడకండి. అది డిపెండెంట్ స్టైల్, అంటే మరో స్టైల్ మీద ఆధారపడేది. అందులో ‘ఇండిపెండెంట్-పేరెంట్’ (independent-parent) అనే లింకు చూపించే అసలు స్టైల్‌ను తెరిచి మార్చాలి.

సేవ్ చేసేముందు టైటిల్, ఐడీ రెండూ మార్చండి. లేదంటే జొటెరో స్టైల్స్‌ను అప్‌డేట్ చేసినప్పుడు మీ మార్పులు తుడిచిపెట్టుకుపోతాయి. స్టైల్ ఫైలు రాసే ఎక్స్‌ఎంఎల్ భాష నియమాలు తప్పాయేమోనని అనుమానం ఉంటే, కోడ్‌ను తనిఖీ చేసే సీఎస్ఎల్ వాలిడేటర్‌లో పెట్టండి. ఎన్నో లైనులో తప్పుందో అది చెబుతుంది. అయితే అందులో పాసైనంత మాత్రాన కామాలు సరైన చోట పడ్డాయని అనుకోవద్దు. అది మీ కళ్లతో చూసుకోవాల్సిందే.

వచ్చే పాఠానికి అభ్యాసం: ఫుట్‌నోట్ స్టైల్ ఒకటి తెరిచి, ఎడిటర్‌లో సైటేషన్ పొజిషన్‌ను ‘ఫస్ట్’ నుంచి ‘ఇబిడ్’కు (వెంటనే ముందున్న నోట్‌లోని మూలాన్నే మళ్లీ చెప్పడం) మార్చండి. ఏ మాక్రో వల్ల తేడా వచ్చిందో రాసి ఉంచుకోండి. అక్కడి నుంచే మొదలుపెడదాం.