మల్టీట్రాక్ రికార్డింగ్, మిక్సింగ్‌కి ఆడియో ఇంటర్‌ఫేస్ ఎలా ఎంచుకోవాలి?

ఆడియో ఇంటర్‌ఫేస్ అంటే మైకుల శబ్దాన్ని కంప్యూటర్‌కి పంపి, తిరిగి స్పీకర్లకు తెచ్చే పెట్టె. మల్టీట్రాక్ అంటే ఒక్కో మైకునీ విడి ట్రాకుగా రికార్డు చేయడం. ముందు కాగితం మీద ఒక లెక్క వేసుకోండి: ఒకేసారి ఎన్ని మైకులు విడివిడిగా రికార్డు కావాలి? విశాఖ కళాభారతిలో జరిగే కర్ణాటక కచేరీనే తీసుకుందాం. గాత్రానికి ఒకటి, వయొలిన్‌కి ఒకటి, మృదంగానికి కుడి, ఎడమ వైపులకు రెండు, ఘటానికి ఒకటి, తంబురకి ఒకటి. మొత్తం ఆరు. ఎనిమిది మైకులు పట్టే ఇంటర్‌ఫేస్ సరిపోతుంది. ఇంట్లో ఒక్కో ట్రాకూ విడిగా పాడి కలుపుకునేవాళ్లకు రెండు మైకులవి చాలు. సాఫ్ట్‌వేర్‌లో నలభై ట్రాకులున్నా ఆ బరువు మోసేది కంప్యూటరే. మిక్సింగ్‌లో ఇంటర్‌ఫేస్ నుంచి కావలసింది అవుట్‌పుట్‌లు: స్టీరియోకి రెండు, 5.1 సరౌండ్ సౌండ్‌కి ఆరు.

తర్వాత పెట్టె మీది అంకెలు చూడండి. బెరింగర్ యూఎంసీ1820లో 18 ఇన్‌పుట్‌లు ఉన్నమాట నిజమే, కానీ మైకులు పెట్టుకునేవి 8 మాత్రమే. మిగతావి డిజిటల్ పరికరాలు కలపడానికి: ఎడాట్ అనే కనెక్షన్‌లో 8, ఎస్‌పీడిఫ్ అనే దాంట్లో 2. రేపు ఇంకో ఎనిమిది మైకులు కావాలంటే ఎడాట్ ఉన్న ప్రీయాంప్ (మైకు సిగ్నల్‌ని పెంచే పెట్టె) తెచ్చి ఆప్టికల్ కేబుల్‌తో కలపొచ్చు. రెండింటిలో ఒకదాన్నే క్లాక్ మాస్టర్‌గా (రెండోదానికి టైమింగ్ ఇచ్చేదిగా) పెట్టాలి, లేకపోతే టిక్ టిక్‌మని శబ్దాలొస్తాయి. శాంపిల్ రేటు (సెకనుకు శబ్దాన్ని ఎన్నిసార్లు కొలుస్తుందో ఆ లెక్క) 96 కిలోహెర్ట్జ్ పెడితే ఎడాట్ నాలుగు ఛానెళ్లకు పడిపోతుంది. కచేరీలకు 24 బిట్, 48 కిలోహెర్ట్జ్ చాలు.

అసలు బోల్తా పడేది యూఎస్‌బీ మిక్సర్ల దగ్గర. పైన పన్నెండు ఫేడర్లు (వాల్యూమ్ పెంచి తగ్గించే మీటలు) కనిపిస్తాయి గానీ, చాలావాటిలో కంప్యూటర్‌కి వెళ్లేది కలిపేసిన స్టీరియో ఒక్కటే. మృదంగం ఎక్కువైందని ఇంటికొచ్చాక తగ్గించే వీలుండదు. డాబాగార్డెన్స్‌లో ఏ షాపుకెళ్లినా ముందు అడగాల్సింది: “దీంట్లోంచి కంప్యూటర్‌కి ఎన్ని ఛానెళ్లు విడివిడిగా వెళ్తాయండీ?”

విండోస్ వాడేవాళ్లు కంపెనీ సొంత ఏసియో డ్రైవర్ (శబ్దం ఆలస్యం కాకుండా చూసే సాఫ్ట్‌వేర్) ఉందో లేదో చూడాలి. అది లేకపోతే ఎసియోఫర్ఆల్ అనే ఉచిత డ్రైవర్‌తో నెట్టుకురావచ్చు గానీ, డబ్బు పెట్టి కొంటున్నప్పుడు దాంతో సరిపెట్టుకోవడం నాకు నచ్చదు. మాక్‌లో ఆ పని చేసే కోర్ ఆడియో ముందే ఉంది కాబట్టి ఆ టెన్షన్ తక్కువ. యూఎస్‌బీ 2.0 అని వెనకాడకండి, పదహారు ఛానెళ్లు 48 కిలోహెర్ట్జ్‌లో సెకనుకు 20 మెగాబిట్‌లు కూడా దాటవు, దానికి అదేం బరువు కాదు.

వీలైతే మీ ల్యాప్‌టాప్‌నే షాపుకి తీసుకెళ్లండి. సాఫ్ట్‌వేర్‌లో బఫర్ (శబ్దాన్ని కాసేపు నిలవచేసే జాగా) 128 శాంపిళ్లు పెట్టి, అన్ని ఛానెళ్లూ ఒకేసారి పది నిమిషాలు రికార్డు చేసి హెడ్‌ఫోన్స్‌లో వినండి. గుయ్‌మని హమ్ వస్తే చార్జర్ తీసి చూడండి. ఆగిపోతే తప్పు సాధారణంగా ఇంటర్‌ఫేస్‌ది కాదు, చార్జర్‌దో ఎర్తింగ్‌దో.

బీచ్‌కి దగ్గర్లో ఉండేవాళ్లు వాడనప్పుడు కేబుళ్లనీ, జాక్‌లనీ మూత ఉన్న డబ్బాలో సిలికా జెల్ పొట్లాలు వేసి దాచుకోండి. ఆ ఉప్పుగాలికి తుప్పు త్వరగా పడుతుంది.