స్కూబా కార్డు చేతికొచ్చేసరికి ఎంతవుతుంది? మన శ్రీకాకుళం, విజయనగరం వాళ్ళకి అసలు లెక్క

రుషికొండలో ఒకసారి స్కూబా, అంటే వీపున గాలి సిలిండర్‌తో నీళ్ళలో దిగొచ్చి, ఆ మీద ఫోన్‌లో అండమాన్ హావ్‌లాక్ దీవి వీడియోలు నాలుగు చూసిన కుర్రాళ్ళు నన్ను అడిగే మొదటి మాట "కోర్సు ఎంత గురూ?" అని. ఆ ప్రశ్న వేస్తే డైవ్ సెంటర్ వాళ్ళు కూడా దానికి తగ్గ జవాబే చెబుతారు, ఒక గుండ్రటి అంకె. దాంతో పని జరగదు. కార్డు తీసుకుని తిరిగొచ్చి ఆమదాలవలసలో రైలు దిగేసరికి జేబులోంచి మొత్తం ఎంత పోతుంది అన్నది అడగాలి, అదీ ఫోన్లో కాదు, వాట్సాప్‌లో రాతపూర్వకంగా.

ముందు ఏం కొంటున్నారో తేల్చుకోండి. టూరిస్టులకి చేయించే మొదటి డైవ్, అదే డిస్కవర్ స్కూబా, గరిష్ఠంగా 12 మీటర్ల లోతు వరకే, ఇన్‌స్ట్రక్టర్ మిమ్మల్ని పట్టుకునే ఉంటాడు. అయ్యాక పేరు రాసి రంగుల కాగితం ఒకటి చేతిలో పెడతారు, దానిమీద సర్టిఫికెట్ అని ఉన్నా దాంతో ఇంకెక్కడా డైవ్ చెయ్యనివ్వరు. అసలు కార్డు ఓపెన్ వాటర్ డైవర్: 18 మీటర్ల వరకు, తోడు డైవర్‌తో కలిసి, ఎప్పటికీ చెల్లుతుంది. ఈ రెండింటికీ మధ్య "స్కూబా డైవర్" అని ఒక సగం కోర్సు ఉంది, దానికి 12 మీటర్లే, అదీ ప్రొఫెషనల్ పక్కన ఉంటేనే. ధర బాగా తక్కువ చెప్పారంటే ఆ సగం కోర్సు చెబుతున్నారేమో చూడండి. పాడీనా, ఎస్ఎస్ఐనా (కార్డులిచ్చే డైవింగ్ సంస్థలు) అని మాత్రం బుర్ర బద్దలు కొట్టుకోకండి, రెండు కార్డులూ ప్రపంచమంతా చెల్లుతాయి. ఇన్‌స్ట్రక్టర్ ఎవరన్నదే ముఖ్యం.

ఇక కోర్సులో ఉండేవి: థియరీ, స్విమ్మింగ్ పూల్‌లోనో లోతు తక్కువ ఉన్న చోటో ఐదు సెషన్లు, తర్వాత సముద్రంలో నాలుగు డైవులు. పాడీ లెక్కలో సముద్రం డైవులు ఒకే రోజులో పూర్తి చెయ్యడానికి వీల్లేదు, కనీసం రెండు రోజులకి పంచాలి. కాబట్టి థియరీ, పూల్ ముందే అవ్వకుండా "రెండు రోజుల్లో కార్డు ఇచ్చేస్తాం" అన్నారంటే ఎక్కడో ఏదో ఎగ్గొడుతున్నారు. మూడు నాలుగు రోజులు మామూలు.

డబ్బు ఎక్కడ దాక్కుంటుందో చెప్తాను. మొదటిది ఆన్‌లైన్ చదువు. కొంతమంది దాన్ని ధరలో కలిపే చెబుతారు, కొంతమంది "అది మీరే కొనుక్కోవాలి" అని అడ్వాన్స్ కట్టాక అంటారు. మీరే సంస్థ సైట్‌లో నేరుగా కొన్నట్టయితే సెంటర్ ధరలోంచి ఆ మేరకు తగ్గించమనండి, అది న్యాయంగా మీకు రావాల్సిందే. రెండోది జీఎస్టీ. చాలాచోట్ల 18 శాతం పడుతుంది, అంటే 28,000 అని చెప్పింది కాస్తా 33,040 అవుతుంది. తర్వాత కార్డు ఫీజు, బోటు, డైవ్ కంప్యూటర్ (నీళ్ళలో లోతు, టైమ్ చూపించే వాచీ లాంటిది) అద్దె, పవర్ అద్దాల మాస్క్, ఫొటోలు.

ఊరికే ఉదాహరణకి రెండు కొటేషన్లు పక్కపక్కన పెడదాం, అంకెలు నేను వేసినవే. ఒకడు 22,000 అన్నాడు. జీఎస్టీ 3,960, ఆన్‌లైన్ చదువు 6,000, కార్డు 1,500, కంప్యూటర్ అద్దె 1,000. మొత్తం 34,460. రెండోవాడు అన్నీ కలిపి 32,000 అన్నాడు. మొదటివాడు చవక అనుకుని అతని దగ్గర అడ్వాన్స్ కట్టేవాళ్ళే ఎక్కువ, ఎందుకంటే పోల్చింది 22ని 32తో.

అందుకే ఈ మెసేజ్ కాపీ చేసుకుని, మీరు చూస్తున్న సెంటర్లన్నిటికీ ఒకటే పంపండి:

"నమస్తే అండీ. ఓపెన్ వాటర్ కోర్సు కావాలి. జీఎస్టీ, ఆన్‌లైన్ మెటీరియల్, కార్డు ఫీజు, బోటు, కంప్యూటర్‌తో సహా పూర్తి గేర్, అన్నీ కలిపి ఒక్కరికి మొత్తం ఎంత? ఒక ఇన్‌స్ట్రక్టర్‌కి ఎంతమంది స్టూడెంట్లు? పూల్ సెషన్లు ఎక్కడ? ఒక స్కిల్ రాకపోతే అదనపు సెషన్‌కి ఎంత? వాతావరణం బాగోక డైవ్ ఆగిపోతే డబ్బు వెనక్కి ఇస్తారా, డేట్ మారుస్తారా? పాఠం తెలుగులోనో హిందీలోనో చెప్పేవాళ్ళు ఉన్నారా?"

అన్నిటికీ వరసగా జవాబిచ్చినవాళ్ళు ఒకవైపు, "ముందు రండి సార్, చూద్దాం" అన్నవాళ్ళు ఒకవైపు. రెండో రకం దగ్గరకి నేనైతే వెళ్ళను.

ఎవరూ ముందుగా చెప్పని ఖర్చు మెడికల్ ఫారం. మొదటి పేజీలో పది ప్రశ్నలు ఉంటాయి: ఉబ్బసం, గుండె, చెవి, సైనస్, ఆపరేషన్లు, వాడుతున్న మందులు, 45 దాటాయా లేదా, ఇలా. అన్నిటికీ "లేదు" అయితే సంతకం పెట్టి ముందుకెళ్ళడమే. కొన్నిటికి "అవును" అని వస్తే డాక్టర్ పరీక్ష చేసి సంతకం పెట్టాలి. దీన్ని చాలామంది దీవికి వెళ్ళాక మొదటి రోజు పొద్దున్నే చూస్తారు, అక్కడ డాక్టర్ దొరకడానికి ఒక రోజు, ఆ రోజుకి రూము అద్దె, ఒక్కోసారి డాక్టర్ వద్దంటే అడ్వాన్స్ మొత్తం గోవిందా. ఫారం బుక్ చేసేముందే తెప్పించుకుని శ్రీకాకుళంలోనో విజయనగరంలోనో మీకు తెలిసిన డాక్టర్‌కి చూపించండి. ఆయన డైవింగ్ ఫారం ఎప్పుడూ చూసి ఉండకపోవచ్చు, ఫర్వాలేదు, డాక్టర్ కోసం సూచనలు ఆ ఫారంతోనే వస్తాయి, అవి కూడా ప్రింట్ తీసి పట్టుకెళ్ళండి. జలుబు చేసి ఉంటే చెవిలో ఒత్తిడి సమం అవ్వదు, డైవ్ జరగదు, కాబట్టి ప్రయాణానికి ముందు వారం ఐస్‌క్రీములకి దూరంగా ఉండమని మా అమ్మ లెవెల్లో చెబుతున్నాను. ఫారంలో అబద్ధం రాయొద్దు. కింద ఊపిరి ఆడకపోతే అక్కడ కొటేషన్ గోల ఉండదు.

ఈత కూడా డబ్బు లెక్కే. కోర్సులో 200 మీటర్లు ఆగకుండా ఈదాలి, టైమ్ లిమిట్ లేదు. మాస్కు, కాళ్ళకి ఫిన్స్, ఊపిరి పీల్చే గొట్టం స్నార్కెల్‌తో అయితే 300. ఆ తర్వాత పది నిమిషాలు ఏ ఆధారం లేకుండా నీటిపై తేలాలి. నాగావళిలో మునిగి తేలిన అలవాటు ఉన్నవాళ్ళకి కూడా పూల్‌లో 200 మీటర్లు కొలిచి ఈదితే ఆయాసం వస్తుంది. అక్కడికెళ్ళాక రాదని తేలితే రోజుకింత అని ఈత నేర్పిస్తారు, ఆ రేటు దీవి రేటు. ఇక్కడ ఒక నెల పూల్‌కి కట్టేది దాని ముందు ఎంత?

న్యాయమైన ధర అంటే ఏమిటన్నది ఇన్‌స్ట్రక్టర్ టైమ్‌ని బట్టి చూడాలి. సముద్రంలో ఒక ఇన్‌స్ట్రక్టర్ కింద ఎనిమిది మంది దాకా రూల్ ఒప్పుకుంటుంది, కానీ మన తీరంలో నీళ్ళు మసగ్గా ఉన్న రోజు ఎనిమిది మందిని ఒక్కడు ఎలా చూస్తాడో మీరే ఆలోచించండి. ఇద్దరు ముగ్గురికి ఒకడు ఉన్న కోర్సు నాలుగైదు వేలు ఎక్కువైనా అది చవకే. అండమాన్‌లో నేను చూసినంతలో పూర్తి కోర్సు సుమారు పాతిక వేల నుంచి ముప్పై అయిదు వేల మధ్య నడుస్తోంది, సీజన్‌ని బట్టి అటూఇటూ. ఆ డబ్బులో సిలిండర్లలో గాలి నింపే కంప్రెసర్, దాని ఫిల్టర్లు, సిలిండర్ టెస్టులు, బోటు డీజిల్, సంస్థకి కట్టే ఫీజు అన్నీ ఉంటాయి. పదిహేను వేలకి చేస్తామన్నారంటే వీటిలో ఏదో ఒకటి తగ్గిందనే అర్థం, అది ఏమిటో మీకు కనిపించదు. ఇన్‌స్ట్రక్టర్ పేరు, నంబర్ అడిగి సంస్థ సైట్‌లో చెక్ చేసుకోవచ్చు, అది ఉచితం, అడిగితే మంచివాళ్ళెవరూ నొచ్చుకోరు.

దగ్గర్లో చేసేద్దాం అనేవాళ్ళకి ఒక దారి ఉంది, రెఫరల్ అంటారు. థియరీ, పూల్ విశాఖలో పూర్తి చేసి ఆ కాగితంతో సముద్రం డైవులు ఇంకో చోట చెయ్యొచ్చు. దీవిలో ఉండే రోజులు తగ్గుతాయి. కాకపోతే రెండు సెంటర్లూ రెండు బిల్లులు వేస్తాయి, కూడి చూస్తే ఒక్కోసారి మిగిలేది ఏమీ ఉండదు. రెఫరల్ గడువు ఎన్నాళ్ళో రాయించుకోండి, పాడీలో అయితే 12 నెలలు. వానాకాలంలో వంశధార, నాగావళి ఎర్రనీళ్ళు వచ్చి కలిసే రోజుల్లో మన తీరంలో డైవులు పెట్టుకోకండి, డేట్లు మారడం ఖాయం.

ప్రయాణం సంగతి. పోర్ట్ బ్లెయిర్‌లో, అదే 2024లో శ్రీ విజయపురం అని పేరు మార్చిన ఊళ్ళో, మన జిల్లా వాళ్ళు బోలెడుమంది. పిన్నిగారింట్లో దిగిపోతే రూము ఖర్చు మిగులుతుంది అనుకుంటారు. కోర్సులు ఎక్కువగా జరిగేది హావ్‌లాక్‌లో, అంటే స్వరాజ్ ద్వీప్‌లో, ఫెర్రీని బట్టి గంటన్నర నుంచి రెండున్నర గంటలు. రోజూ అటూఇటూ తిరగడం కుదరదు, అక్కడ రూము తప్పదు. ఫెర్రీ టికెట్ ప్రభుత్వానిదైతే చవక, ప్రైవేటుదైతే జేబుకి బాగానే తెలుస్తుంది.

చివరి డైవ్ అయ్యాక 18 గంటలు విమానం ఎక్కకూడదు. అంటే ఒక రాత్రి అదనం, అది ఎవరి కొటేషన్‌లోనూ ఉండదు. విశాఖ నుంచి వెళ్ళే ఓడలో తిరిగొస్తే ఈ గొడవ లేదు గానీ రెండు రోజులు దాటిన ప్రయాణం, పైగా ఓడ తేదీలు మన సెలవుల్ని చూసి వెయ్యరు. మన వాళ్ళకి ప్రత్యేకంగా ఇంకో మాట: ఈ రూలు విమానానికే అనుకోకండి. రుషికొండలో పొద్దున్న డైవ్ చేసి మధ్యాహ్నం ఎస్.కోట మీదుగా అరకు ఎక్కేద్దాం అని ప్లాన్ వేస్తారు. అరకు సుమారు 900 మీటర్ల ఎత్తు, ఘాట్ అంతకన్నా పైకి వెళ్తుంది. డైవ్‌లో పీల్చిన గాలిలోంచి ఒంట్లో మిగిలిన నైట్రోజన్ పైన ఒత్తిడి తగ్గితే బుడగలు కడుతుంది, దానికి విమానమూ కొండా ఒకటే. అరకు ముందు చూసుకుని రండి, లేదంటే మర్నాడు పెట్టుకోండి.

బేరం ఆడొద్దని నేను అనను. ముగ్గురు నలుగురు కలిసి వెళ్తే తగ్గింపు అడగండి, సీజన్ కానప్పుడు అడగండి, ముందు చేసిన డిస్కవర్ డైవ్ డబ్బులో కొంత కలుపుకోమనండి, ఫొటోలు ఫ్రీగా ఇమ్మనండి. స్టూడెంట్ల సంఖ్య మీదా, రోజుల మీదా, డైవుల మీదా మాత్రం తగ్గొద్దు. మూడో రోజు సాయంత్రం "ఇంకో రెండు రోజులుంటే అడ్వాన్స్‌డ్ కూడా అయిపోతుంది, 30 మీటర్లు" అని మొదలెడతారు. ఆ ఊపులో ఎవడైనా సరే అంటాడు. డబ్బు కట్టకండి, ముందు ఇదే కార్డుతో మామూలు డైవులు కొన్ని చేసి చూడండి.

గేర్ కూడా అప్పుడే కొనకండి, ఒక్క మాస్క్ తప్ప. పట్టీ తగిలించకుండా ముఖానికి ఆనించి ముక్కుతో గాలి లోపలికి పీల్చండి, చెయ్యి వదిలినా పడిపోకపోతే అది మీ ముఖానికి సరిపోయినట్టే. కొత్త మాస్క్ అద్దం లోపల ఒక పల్చటి పొర ఉంటుంది, దానివల్ల నీళ్ళలో ఆవిరి పట్టేస్తుంది, వాడేముందు మామూలు తెల్ల టూత్‌పేస్ట్‌తో వేలితో బాగా రుద్ది కడగండి. దీనికి ప్రత్యేకమైన లిక్విడ్ అని సెంటర్లో అమ్మే సీసా కొననక్కర్లేదు.