ఎర్రదుమ్ములో తిరిగే కారు మీది గీతలు పోగొట్టడం

ఒడిశాలో రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి వైపు తిరిగే నల్ల కారును ఒక రాత్రి వీధిదీపం కింద నిలబెట్టి చూడండి. బానెట్‌లో దీపం కనిపించే చోట చుట్టూ సాలెగూడులా సన్నని గీతలు మెరుస్తాయి. ఇవే స్విర్ల్ మార్కులు. అవి గుండ్రంగా పడ్డవి కావు. అన్ని దిక్కులా ఉన్న గీతల్లో వెలుగుకు అడ్డంగా ఉన్నవే మెరుస్తాయి కాబట్టి అలా కనిపిస్తాయి. ఇవి చాలావరకు తుడుపులో పడ్డవే. ఎర్రమట్టి దుమ్ములో సన్న ఇసుక ఉంటుంది. పొద్దున్నే పొడి తుండుగుడ్డతో బండి దులిపితే ఆ ఇసుకే గరుకు కాగితంలా పనిచేస్తుంది. రాయగడ మజ్జిగౌరమ్మ గుడి దగ్గర పూజ చేయించిన కొత్త బండి మీద ఎండిపోయిన పసుపు, కుంకుమలను గోకి తీసినా అంతే, గీతలు మొదటి రోజే మొదలు. తడిగుడ్డ పరిచి 5 నిమిషాలు నాననిస్తే బొట్టు దానంతటదే వదులుతుంది.

రేకు మీద ప్రైమర్, దాని మీద రంగు, అన్నిటికీ పైన క్లియర్ కోటు ఉంటాయి. కంపెనీ నుంచి వచ్చిన బండికి ఈ క్లియర్ కోటు సాధారణంగా 35 నుంచి 50 మైక్రాన్లు, అంటే తలవెంట్రుక మందం కూడా ఉండదు. గీత తీయడమంటే దాన్ని పూడ్చడం కాదు, గీత అడుగు దాకా చుట్టూ ఉన్న క్లియర్ కోటును అరగదీయడం. ఒకసారి అరిగింది మళ్లీ రాదు. అందుకే ముందు ఏ గీత ఎంత లోతో చూసుకోవాలి.

గీత మీద నీళ్లు చల్లండి. తడిలో మాయమై ఆరాక మళ్లీ కనబడితే అది క్లియర్ కోటులోనే ఉంది, పాలిష్‌తో పోతుంది. గోరు అడ్డంగా లాగితే తట్టుకుంటోందంటే పూర్తిగా పోదు, అంచులు నునుపు చేసి మసకబరచగలం, అంతే. లోపల తెల్లగానో బూడిదరంగులోనో ప్రైమర్ కనబడితే పాలిష్ పని కాదు, టచప్ పెయింట్ కావాలి. రేకే కనబడితే వానలు పడకముందే కప్పేయండి, లేకపోతే తుప్పు పడుతుంది. ఘాట్ రోడ్డులో తుప్పలు రాసుకుని తలుపుల పొడవునా పడే సన్న చారలు చూడ్డానికి భయంకరంగా ఉన్నా, చాలావరకు మొదటి రకానివే. గోడకు రాసుకున్న చోట కనిపించేది ఒక్కోసారి గీతే కాదు, గోడ రంగు అంటుకున్నది. గుడ్డకు కొంచెం కిరసనాయిలు తడిపి తుడిస్తే చాలాసార్లు వచ్చేస్తుంది. తర్వాత షాంపూ నీళ్లతో కడగాలి.

కడగడంలో తొందర వద్దు. మొదట గుడ్డ తగలకుండా ధారగా నీళ్లు కొట్టి మట్టి వదిలించండి. రెండు బకెట్లు పెట్టుకుని, ఒకదాంట్లో షాంపూ నీళ్లు, రెండోదాంట్లో గుడ్డ జాడించడానికి మంచినీళ్లు ఉంచండి. పైనుంచి కిందికి రావాలి, చక్రాలు చివర. బోరు నీళ్లయితే ఆరకముందే తుడిచేయండి, లేకపోతే తెల్ల మచ్చలు మిగులుతాయి. తర్వాత చేతికి పల్చటి పాలిథిన్ కవరు తొడిగి బానెట్ నిమరండి. చేతికి తెలియని గరుకు కవరు మీంచి తెలుస్తుంది. గరుకుంటే క్లే బార్‌లో (కడిగినా పోని మురికిని లాగేసే మెత్తటి బంకమట్టి లాంటి ముద్ద) నిమ్మకాయంత ముక్క తీసుకుని, షాంపూ నీళ్లు బాగా చల్లుతూ, బరువు వేయకుండా నిలువుగా అడ్డంగా జరపండి. క్లే కింద పడిందా, పారేయండి. అందులో ఇరుక్కున్న ఇసుకను ఎవరూ ఏరలేరు.

ఇక మెషిన్. కొత్తవాళ్లకు డ్యూయల్ యాక్షన్ పాలిషరే (ప్యాడ్ తిరుగుతూనే అటూఇటూ ఊగే మెషిన్) మంచిది. షెడ్లలో వాడే రోటరీ మెషిన్ ఒకేచోట తిరిగి రంగును కాల్చేయగలదు, ఉన్ని ప్యాడ్‌తో ఆదరాబాదరాగా కొడితే గీతలు పోయి ఎండలో పొగలాంటి చారలు మిగులుతాయి. నల్లటి ప్లాస్టిక్, రబ్బరు, మడతల అంచులు అన్నీ మాస్కింగ్ టేపుతో కప్పండి. అంచుల మీద పూత పల్చన, అక్కడే ముందు రంగు తేలుతుంది.

నీడలో, రేకు చల్లగా ఉన్నప్పుడు, 40 సెంటీమీటర్ల చదరంలో ముందు పరీక్షించండి. మెత్తటి ఫోమ్ ప్యాడ్, సన్న పాలిష్‌తో మొదలుపెట్టాలి. దాంతో పోకపోతేనే గట్టి ప్యాడ్, కాంపౌండ్ (ఇంకా గరుకైన పాలిష్). ప్యాడ్ మీద శనగగింజంత చుక్కలు 4 వేసి, 1వ స్పీడులో పూసి, 4 లేదా 5కి పెంచండి. నిలువుగా ఒకసారి, అడ్డంగా ఒకసారి, ప్రతి గీటూ ముందుదాన్ని సగం కప్పేలా, 4 నుంచి 6 సార్లు. చెయ్యి సెకనుకు 2, 3 సెంటీమీటర్లకు మించి జరగకూడదు. మెషిన్ ప్లేటు పక్కన మార్కరుతో ఒక గీత పెట్టుకోండి. గీత తిరుగుతూ కనబడాలి. ఆగిపోతే ఎక్కువ నొక్కుతున్నారు, లేదా ప్యాడ్ ఒరిగింది. ప్యాడ్ తిరక్కుండా అదురుతూ ఉంటే పని జరగదు, వేడి మాత్రం పుడుతుంది. ప్లాస్టిక్ బంపర్ల దగ్గర మరీ జాగ్రత్త, అవి వేడిని త్వరగా వదలవు. చేతి వెనకవైపును ఆ భాగానికి ఆనించి 3 సెకన్లు ఉంచలేకపోతే ఆపేయండి.

తుడిచాక మెరుపు చూసి మురిసిపోవద్దు. పాలిష్‌లోని నూనెలు గీతల్లో నిండి దాచేస్తాయి, రెండు కడుగుళ్లకు ఆ గీతలు మళ్లీ తేలతాయి. సగం ఐసోప్రొపైల్ ఆల్కహాల్, సగం నీళ్లు కలిపి తుడిచి, ఫోన్ టార్చి పక్కవాటుగా పట్టి చూడండి. ఈ పరీక్ష చదరంలో తేలిందే బండి మొత్తానికి లెక్క. ఒకటి రెండు సన్న గీతలు మిగిలితే మిగలనీయండి, వాటి కోసం మైక్రాన్లు ఖర్చుపెట్టడం దండగ.

తెల్లపొడి రాలుతుంటే కాంపౌండ్ ఎక్కువైంది లేదా రేకు వేడిగా ఉంది. ప్యాడ్‌ను ప్రతి భాగం తర్వాత బ్రష్‌తో గోకండి, బండికి 5, 6 ప్యాడ్లు ఉంటే హాయి. ప్యాడ్ మీద కారు రంగే దిగుతుంటే వెంటనే ఆగండి. ఆ భాగానికి క్లియర్ కోటు లేకపోవచ్చు, లేదా అరిగిపోయి ఉండవచ్చు. లోకల్‌గా మళ్లీ పెయింట్ వేయించిన ప్యానెల్ మీద పూత మందం ఎవరికీ తెలియదు, మందం కొలిచే గేజ్ లేకుండా కాంపౌండ్ పెట్టకండి. టూత్‌పేస్టు సలహా ఇచ్చేవాళ్లు ప్రతి వీధిలో ఉంటారు. ఒక చిన్న గీతను మసకబరుస్తుందేమో గానీ, బానెట్ అంతా రుద్దితే కొత్త మసక పడుతుంది.

లోతు గీతకు టచప్ వేస్తే, తలుపు పక్క స్తంభం మీదో ఇంజిన్ గదిలోనో స్టిక్కరు మీద ఉండే పెయింట్ కోడ్ చూసి కొనండి. పుల్ల మొనతో గీతలోనే పల్చగా 2, 3 పూతలు, మధ్యలో ఆరనిస్తూ వేయండి. ఒకేసారి నింపితే ఉబ్బెత్తుగా బొబ్బలా మిగులుతుంది.

చివర వ్యాక్స్ లేదా సీలెంట్ పల్చగా పూయండి. తుడిచే మైక్రోఫైబర్ గుడ్డల చీటీలు కత్తిరించి, మిగతా బట్టలతో కలపకుండా, కంఫర్ట్ లాంటివి వేయకుండా విడిగా ఉతకండి. నేల మీద పడ్డ గుడ్డ ఆ రోజుకి చక్రాల గుడ్డే.