లినక్స్‌లో సౌండ్ రోజుకో చోటుకి పోకుండా ఎలా చేయాలి?

తిరుపతి బైరాగిపట్టెడ రూముల్లో ఉండే ఇంజనీరింగ్ పిల్లల్లో చాలామంది పాత డెస్క్‌టాప్ కొనుక్కుని ఉబుంటు వేసుకుంటారు. మానిటర్‌ని హెచ్‌డీఎంఐ కేబుల్‌తో కలిపితే సౌండ్ ఆ మానిటర్‌కి పోతుంది, దానికేమో స్పీకర్లే ఉండవు. వెంటనే ఎవరో ఒకరు పల్స్‌ఆడియో (పాత సౌండ్ సాఫ్ట్‌వేర్) తీసేసి మళ్లీ వెయ్ అంటారు. దయచేసి అది చేయొద్దు. ఉబుంటు 22.10 నుంచి, ఫెడోరా 34 నుంచి సౌండ్ నడిపేది పైప్‌వైర్ అనే సాఫ్ట్‌వేర్, ఏ పరికరానికి పంపాలో ఇప్పుడు తేల్చేది దానికి తోడుండే వైర్‌ప్లంబర్.

ముందు సెట్టింగ్స్‌లో సౌండ్ తెరిచి అవుట్‌పుట్ దగ్గర ఏముందో చూడండి. అక్కడ స్పీకర్లు ఎంచుకున్నా రీస్టార్ట్ చేశాక మళ్లీ హెచ్‌డీఎంఐకే పోతోందా? అయితే పావుకంట్రోల్ అనే సౌండ్ సెట్టింగుల యాప్ ఇన్‌స్టాల్ చేసి, కాన్ఫిగరేషన్ ట్యాబ్‌లో హెచ్‌డీఎంఐ కార్డు ప్రొఫైల్‌ని ఆఫ్‌లో పెట్టండి. వాడని దారి మూసేస్తే సౌండ్ అటు పోయే ప్రశ్నే లేదు, నన్నడిగితే సగం గొడవ ఇక్కడే తీరిపోతుంది. కొన్ని మెషీన్లలో హెచ్‌డీఎంఐ, స్పీకర్లు రెండూ ఒకే కార్డు మీద ఉంటాయి, అప్పుడు ఆఫ్ కాకుండా అనలాగ్ స్టీరియో ప్రొఫైల్ ఎంచుకోవాలి.

టెర్మినల్ అలవాటున్నవాళ్లు 'డబ్ల్యూపీసీటీఎల్ స్టేటస్' కొట్టండి (ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లోనే). సింక్స్ (సౌండ్ పోయే పరికరాల జాబితా) కింద నక్షత్రం గుర్తున్నదే ఇప్పటి డిఫాల్ట్. మీక్కావలసినదాని నంబర్ చూసుకుని 'డబ్ల్యూపీసీటీఎల్ సెట్-డిఫాల్ట్' పక్కన ఆ నంబర్ ఇవ్వండి. వైర్‌ప్లంబర్ గుర్తుపెట్టుకునేది పరికరం పేరునే, నంబర్ మారిపోతుంటుంది, కాబట్టి దాన్ని స్క్రిప్టులో రాసిపెట్టుకోకండి.

అన్నీ సరిగ్గానే ఉన్నా చప్పుడు లేదా? టెర్మినల్‌లో ఆల్సామిక్సర్ తెరిచి, ఎఫ్6తో కార్డు ఎంచుకోండి. కింద ఎంఎం అని కనిపిస్తే అది మ్యూట్‌లో ఉన్నట్టే, ఎం కీ నొక్కితే తెరుచుకుంటుంది. హెడ్‌ఫోన్ గుచ్చగానే స్పీకర్లు ఆపేసే ఆటో-మ్యూట్ కూడా చూడండి, వెనక స్పీకర్లు పెట్టి ముందు హెడ్‌ఫోన్ గుచ్చేవాళ్లని అదే ఎక్కువ ఏడిపిస్తుంది.

కొత్త ఇంటెల్ ల్యాప్‌టాప్‌లో 'డమ్మీ అవుట్‌పుట్' మాత్రమే కనిపిస్తే చాలాసార్లు ఎస్ఓఎఫ్ ఫర్మ్‌వేర్ (సౌండ్ చిప్ నడవడానికి కావలసిన ఫైళ్లు) లేకపోవడమే కారణం, ఆ ప్యాకేజీ వేసి రీబూట్ చేయండి. బ్లూటూత్‌లో పాట డబ్బాలోంచి వచ్చినట్టుంటే హెడ్‌సెట్ ప్రొఫైల్ నుంచి పాటలకు వాడే ఏ2డీపీ ప్రొఫైల్‌కి మార్చండి. ఆ మోడ్‌లో హెడ్‌సెట్ మైక్ పనిచేయదు, ఆన్‌లైన్ ఇంటర్వ్యూ ఉన్నవాళ్లు వైరు మైక్ దగ్గర పెట్టుకోండి.